లోపలి పని

ఎర్రమట్టి, పేడ కలిపిన నీళ్ళలో చెయ్యి ముంచి రత్నమ్మ ఇంకో విసురు విసిరింది. చెయ్యి నేల మీద సగం చక్రం తిరిగి మోకాలి దగ్గరికి వచ్చి ఆగింది. ఆ వంపు పక్కన ఇంకో వంపు, దాని పక్కన ఇంకోటి. బంగ్లా ముందరి వాకిలి నిండా చేప ఒంటి మీది పొలుసుల్లా వంపులు తేలుతున్నాయి. రత్నమ్మ గొంతుకూర్చుని వెనక్కి వెనక్కి జరుగుతోంది. జరిగినప్పుడల్లా కుడి మోకాలి లోపల ఎవరో ఎండుపుల్ల విరిచినట్టు కటుక్కుమంటోంది.

డిసెంబరు మంచు ఇంకా చెరుకు తోటల మీదనే ఉంది. గెస్టులు నిద్ర లేచేలోపు వాకిలి ఆరాలి. పోయిన వారం వచ్చినవాళ్ళు ఆరీ ఆరని చోట బూట్లతో నిలబడి ఫోటోలు దిగి పోయారు. ఆ గుంటలు పూడ్చి మళ్ళీ అలకడానికి రత్నమ్మకు మధ్యాహ్నమయింది.

నిన్న పండుగ. చర్చిలో పాటలు పూర్తయ్యేదాకా కూడా ఆమె కూర్చోలేదు. క్రిస్మస్ సెలవులకు హైదరాబాదు నుంచి గెస్టులు వస్తున్నారు, తొందరగా రమ్మని బంగ్లా నుంచి కబురొచ్చింది. కొడుకు వెస్లీ ఆటో స్టార్టు చేస్తూ ఒక మాట అన్నాడు.

"పండుగ మనది, సెలవులేమో వాళ్ళయి. గిదెక్కడి ఇన్సాఫే అమ్మా?"

"ఊకోరా. పొద్దుగాల్నే లొల్లి పెట్టకు" అంది రత్నమ్మ. అన్నదే గాని, ఆ మాట అప్పటి నుంచి చెప్పులో రాయిలా గుచ్చుతూనే ఉంది.

ఝరాసంగం పోయే దారి నుంచి కొంచెం లోపలికి ఉంటుంది బంగ్లా. ఎర్రరాయి గోడలు, టేకు స్తంభాలు, పెద్ద దర్వాజ, వెనక మట్టిగోడల వంటిల్లు. దొరల ముత్తాత నిజాం కాలంలో కట్టించాడట. ముందటి అర్రలకు చాలా ఏండ్లు తాళం వేసి ఉండి, గబ్బిలాలు కాపురం చేశాయి. దొరసాని మనోరమమ్మ కొడుకు ప్రణయ్ హైదరాబాదులో కొలువు మానేసి వచ్చి, గోడలకు సున్నం వేయించి, అర్రల్లో పట్టెమంచాలు వేయించి, సెలవులకు వచ్చేవాళ్ళకు కిరాయికి ఇవ్వడం మొదలుపెట్టాడు. గేటు మీద ఇంగ్లీషు అక్షరాల బోర్డు పెట్టించాడు. రత్నమ్మకు చదవరాదు. వెస్లీ చదివి, నవ్వి, "'మన ఇల్లు' అని రాసిన్రే అమ్మా" అని చెప్పాడు.

ప్రణయ్ వచ్చాక పనివాళ్ళకు కొత్త పద్ధతులు వచ్చాయి. దొరసాని అనొద్దు, గెస్టులు వింటే బాగుండదు, అమ్మా అని పిలవాలి. చేతులు కట్టుకుని నిలబడొద్దు. గెస్టులు మాట్లాడిస్తే నవ్వుతూ మాట్లాడాలి. అన్నీ మంచి మాటలే. ఒక్క కిటికీ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

వంటింటికి బయటి వైపు ఒక కిటికీ ఉంది. రత్నమ్మకు చాయ్ ఆ కిటికీలోంచే వస్తుంది. ఆమె గ్లాసు ఆమెకు వేరే ఉంది. తాగి, కడిగి, కిటికీ కింద గూట్లో బోర్లించుకోవాలి. లోపలి నుంచి వంటమనిషి సంగమ్మ గ్లాసుకు తగలకుండా పైనుంచి పోస్తుంది. సంగమ్మ లింగాయతుల ఆడమనిషి, పుట్టిల్లు బీదరు దిక్కు. రత్నమ్మ మాదిగ ఇంటి కోడలు. రత్నమ్మ అత్త యేసమ్మ గ్లాసూ ఆ గూట్లోనే ఉండేది. ఒకసారి గెస్టు ఒకామె ఆ చాయ్ పోసేది చూసి, "ఎంత బాగుందో, పాతకాలం సినిమాలో లాగా" అని ఫోటో తీసుకుంది. ఆమె తప్పేం లేదు. ఆమెకు అది కిటికీ, అంతే.

మొన్నటిదాకా లోపల పడకలు సర్ది, దుమ్ము దులిపే పని భవాని అనే పిల్ల చేసేది. పెండ్లయి న్యాల్‌కల్ పోయింది. ఆ పని ఖాళీగా ఉంది. రత్నమ్మ కన్ను దాని మీదనే ఉంది. జహీరాబాద్ దవాఖానలో డాక్టరమ్మ మోకాళ్ళ ఫోటో తీయించి, గుజ్జు అరిగిపోయింది, ఇంక గొంతుకూర్చునే పని బంద్ చెయ్యాలి, నిలబడి చేసేది ఏదన్నా చూసుకో అంది. ఇట్లనే కూర్చుంటే ఇంకొన్నాళ్ళకు లేవలేవు అంది. రత్నమ్మ ఆ మాట పట్టుకొచ్చి మనోరమమ్మకు చెప్పి, భవాని పని తనకివ్వమని అడిగింది.

"చూద్దాం తీ రత్నమ్మా. ఈ సెలవులు గడవనీ. నువ్వు మా ఇంటి మనిషివి, నిన్ను నేను ఊకె వదిలేస్తనా?" అంది మనోరమమ్మ.

ఆ మాట రత్నమ్మకు రొట్టె మీద నెయ్యిలా కరిగింది. వెస్లీతో చెబితే వాడు పెదవి విరిచాడు. "ఇంటి మనిషైతే ఇంట్లకు రానియ్యాలె గదా" అన్నాడు. వాడిదంతా వంకర మాట. పిల్లల తండ్రయినా నోరు అదుపులో లేదు. కాలం మారింది, దొరల పిల్లలు చదువుకున్నారు, ఎన్ని రకాల మనుషులో వచ్చి పోతున్నారు, ఎవరు ఏమిటని ఎవరన్నా అడుగుతున్నారా? రత్నమ్మ అట్లనే అనుకుంది. ఇవాళో రేపో అమ్మ తనంతట తనే పిలిచి చెబుతుందని ఎదురుచూస్తోంది.

ఎండ ఎక్కాక గెస్టులు వరండాలోకి వచ్చారు. చంద్రశేఖర్, అతని భార్య శ్వేత, చంకలో ఎనిమిది నెలల పాప. పాప ముఖం వాడి ఉంది. రాత్రంతా సరిగ్గా పడుకున్నట్టు లేదు. శ్వేత కళ్ళ కింద కూడా నలుపు. మాటిమాటికీ పాప నుదుటి మీద చెంప ఆనించి చూస్తోంది. ప్రణయ్ వాళ్ళకు స్తంభాలు చూపించాడు, పాత ఊయల చూపించాడు, ఆ తర్వాత వాకిట్లోకి తీసుకొచ్చి రత్నమ్మను చూపించాడు.

"మా దగ్గర పనివాళ్ళు అంటూ ఎవరూ లేరండీ. అందరూ ఇంటివాళ్ళే. ఈమె రత్నమ్మ. మా నాన్న పుట్టినప్పుడు పురుడు పోసింది వీళ్ళ అత్తే. తరాల నుంచి మాతోనే ఉన్నారు. ఈ ఇల్లు నాకంటే ఈమెకే బాగా తెలుసు."

"నిజంగానా!" అంది శ్వేత. రత్నమ్మ వైపు చూసి నిండుగా నవ్వింది. ఆ అలసటలో కూడా నవ్వు బాగుంది.

"రత్నమ్మా, జర అలికి చూపియ్యి, వీడియో తీసుకుంటరు" అన్నాడు ప్రణయ్.

వాకిలి ఆరిపోయింది. అలకడానికి ఏమీ లేదు. అయినా రత్నమ్మ మళ్ళీ గొంతుకూర్చుంది. మోకాలు కటుక్కుమంది. వట్టి చేత్తో, ఆరిన నేల మీద, లేని పేడను పూసినట్టు చెయ్యి తిప్పింది. చంద్రశేఖర్ ఫోను పట్టుకుని ఆమె చుట్టూ ఒక రౌండు వేశాడు. "ఇంకోసారి, కొంచెం మెల్లగా" అన్నాడు. ఇంకోసారి తిప్పింది. తర్వాత లేవడానికి స్తంభం పట్టుకోవలసి వచ్చింది. ఆ ముక్క ఎవరూ వీడియో తీయలేదు.

పగలు పదకొండు దాటాక పాప ఏడుపు మొదలైంది. ఊళ్ళో పిల్లలు ఏడ్చే ఏడుపు కాదది. గొంతు బొంగురుపోయి, మధ్యలో ఎగశ్వాస పీలుస్తూ, మళ్ళీ అందుకునే ఏడుపు. వెనక పెరట్లో నార బుట్టలు తోముతున్న రత్నమ్మకు చేతులు ఆడలేదు. పిల్లలను పెంచిన చేతులు అవి. ఆకలి ఏడుపేదో, నొప్పి ఏడుపేదో చెవికి తెలిసిపోతుంది. ఇది ఆకలి.

శ్వేత పాపను ఎత్తుకుని పెరట్లోకి పరుగున వచ్చింది. చీర లేదు, ఏదో పొడుగు కమీజు. భుజం నిండా పాప కక్కిన మరక.

"సంగమ్మగారు ఏరి?"

"శనగాకు కొయ్యనీకి చేన్లకు పోయిందమ్మా. జరసేపట్ల వస్తది."

"కరెంటు పోయింది. కెటిల్ పనిచేయట్లేదు. పొద్దున్నుంచి డైపరు కూడా తడవలేదు, నాకు భయంగా ఉంది. ఇప్పుడే కక్కింది, బట్టలు మార్చాలి. పాల సీసా వంటింట్లో ఫ్రిజ్‌లో పెట్టాను. మీరు కాస్త గోరువెచ్చగా చేసి తెస్తారా?"

రత్నమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంది. "అమ్మగారు పూజల ఉన్నరు. రానియ్యమ్మా, చెప్పి..."

"ఎంతసేపు ఆగాలి? దీని గొంతు చూడండి, ఎండిపోతోంది. మీకు తెలియని వంటిల్లా? మీరు ఈ ఇంటి మనిషే కదా!"

ఆ పిల్ల నమ్మింది. అదే జరిగింది. పొద్దున ప్రణయ్ చెప్పిన మాటను, గేటు మీద రాసిన మాటను అట్లాగే నమ్మింది. ఆ మాటలు నమ్మడానికి చెప్పినవి కావని ఆమెకు ఎవరు చెప్పారు గనక?

పాప ఇంకోసారి ఊపిరి బిగపట్టింది. పెదాల చుట్టూ నీలి ఛాయ తిరిగి పోయింది. ఇంక రత్నమ్మ ఆలోచించలేదు. నల్లా కింద మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది. చెప్పులు విడిచింది. వంటింటి గడప దాటింది.

లోపల చల్లగా ఉంది. ఒక్క క్షణం నిలబడిపోయింది. ఆ గోడలకు బయట ఏటేటా మట్టి మెత్తింది తను. వాన కొట్టిన చోట, ఎలుక తవ్విన చోట పూడ్చింది తను. ఆ గోడకు లోపలి ముఖం ఎట్లుంటుందో ఇవాళే చూసింది. నీలం టైల్సు. పైన కట్టె అటక మీద పచ్చళ్ళ జాడీలు, మెడలకు తెల్లగుడ్డలు కట్టి. ఒక మూల రుబ్బురోలు. గోడ పొడుగునా ఇత్తడి గిన్నెలు పెద్దదాని పక్కన చిన్నది. కిటికీ ఇటు వైపు నుంచి చాలా చిన్నగా ఉంది. దానిలోంచి చూస్తే తను రోజూ నిలబడే చోటు కనబడుతోంది. అక్కడ నిలబడ్డ మనిషి ఇక్కడికి మెడ దాకానే కనబడుతుంది, ముఖం కనబడదు.

ఫ్రిజ్‌లోంచి పాల సీసా తీసింది. చేతికందిన, పిడి ఉన్న చిన్న ఇత్తడి గిన్నెలో పోసింది. లోపల కళాయి పూత తళతళలాడుతోంది. గ్యాసు తమ ఇంట్లోనూ ఉంది, వెలిగించడం కష్టం కాలేదు. పాలు పొంగనీయలేదు. అంచులకు చిన్న బుడగలు రాగానే దింపి, మణికట్టు లోపలి వైపు ఒక చుక్క వేసుకుని చూసింది. కాలలేదు. సీసాలో పోస్తుండగా వెనక నుంచి అగరొత్తుల వాసన వచ్చింది.

గడప అవతల మనోరమమ్మ నిలబడి ఉంది. చేతిలో హారతి పళ్ళెం.

రత్నమ్మ సీసా చూపించింది. "అమ్మా... పాప ఏడుస్తుందమ్మా. సంగమ్మ లేదు..."

అదే నిమిషంలో వెనక నుంచి శ్వేత వచ్చింది. మనోరమమ్మ ముఖం ఎంత తొందరగా తేరుకుందంటే, అది మారిందని కూడా చెప్పలేం. నవ్వింది.

"అయ్యో, మంచి పని చేసినవ్ రత్నమ్మా. తాగించు, తాగించు. చంటిపిల్ల ముందల, తక్కినయన్నీ తర్వాత."

పాప రత్నమ్మ ఒళ్ళోనే తాగింది. వాళ్ళమ్మ ఇస్తే తల తిప్పిన సీసా, రత్నమ్మ ఒడిలో కాళ్ళు ఆడిస్తూ ఖాళీ చేసింది. తాగి, భుజం మీద తేన్చి, అక్కడే నిద్రపోయింది. చంటిపిల్ల వెచ్చని ఊపిరి మెడకు తగులుతుంటే రత్నమ్మకు కదలబుద్ధి కాలేదు. శ్వేత పక్కనే కూలబడి, కన్నీళ్ళు తుడుచుకుంటూ, "రాత్రి నుంచి నాకు ప్రాణం లేదండీ. పిల్లదానికి ఏమన్నా అయితే ఈ ఊళ్ళో ఎక్కడికి తీసుకుపోవాలో తెలియక..." అంది. "సాయంత్రం కూడా మీరే పట్టండి" అని చెయ్యి పట్టుకుంది.

"అట్లనే అమ్మా. జర్రంత సేపు పండుకో నువ్వు. పిల్లకేం కాదు. జాగ మారితే అట్లనే చేస్తరు పిల్లలు."

ఆ మధ్యాహ్నం వేపచెట్టు కింద డబ్బా విప్పుకుని జొన్నరొట్టె తింటున్నప్పుడు రత్నమ్మకు మోకాళ్ళ నొప్పి కూడా తెలియలేదు. అమ్మ చూసింది. చూసి నవ్వింది. మంచి పని చేసినవ్ అంది. ఇంకేం కావాలి? లోపలి పని వచ్చినట్టే. వెస్లీకి చెప్పాలి. వాడి వంకర నోటికి ఇదే జవాబు. ఇరవై రకాలుగా ఆ నవ్వును గుర్తు చేసుకుంది. ఎటు నుంచి చూసినా అది నవ్వే.

ఎండ వాలాక ప్రణయ్ గెస్టులను కారెక్కించుకుని ఝరాసంగం గుడికి తీసుకుపోయాడు. కారు దుమ్ము ఇంకా నేలకు దిగనేలేదు. వంటింట్లోంచి బకెట్లతో నీళ్ళు గుమ్మరించిన చప్పుడు వచ్చింది.

కాసేపటికి రత్నమ్మ వెళ్ళి చూసింది. సంగమ్మ కుచ్చిళ్ళు ఎగదోపుకుని వంటిల్లు కడుగుతోంది. గ్యాసు పొయ్యి మీద పసుపునీళ్ళు. ఫ్రిజ్ పిడికి పసుపు. ఇత్తడి గిన్నెలన్నీ పెరట్లో ఎండకు బోర్లించి ఉన్నాయి. పచ్చళ్ళ జాడీలు దించి, బయటి వైపు తుడిచి పెట్టారు. సంగమ్మ తలెత్తి చూసి, మళ్ళీ వంచుకుంది.

"ఏమైంది సంగమ్మా?"

"ఏం చెప్పాలె అక్కా" అంది సంగమ్మ గుసగుసగా. "నన్నడిగితే నేనేం చెప్త? ఆమెనే సూసిందాయె. నువ్వు మనసుల పెట్టుకోకు."

"పాలు కాగబెట్టిన గంతే గదనే!"

"నాకెర్క లేదా? ఊకో, వస్తుంది."

మనోరమమ్మ వచ్చింది. ఆమె ముఖంలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. ఏదో చిన్న పని మిగిలిపోయింది, చెప్పి పోదాం అన్నట్టుగా ఉంది.

"రత్నమ్మా, ఏమనుకోకు. నాకైతే ఏం పట్టింపు లేదు. నీకు తెలుసు గదా. పక్కన్నే దేవుని అర్ర, మా అత్తమ్మ మడి పెట్టిన ఇల్లు. ఆమె పోయినా ఆచారం పోనియ్యలేను. పొద్దుగాల చెప్తే ఆ పిల్ల బాధపడ్తదని ఊకున్న. జర గంత పేడ కలిపి తెచ్చియ్యి. గడప దగ్గర, లోపల నాలుగు మూలలకు సంగమ్మ చల్లుతది. నువ్వు కలిపినట్టు ఎవ్వరికి కలపరాదు."

రత్నమ్మకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమయింది. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి.

"నేను కలిపిన పేడ మీ వంటింటికి పనికొస్తదా అమ్మా?"

"పేడకేమైతది రత్నమ్మా? అది ఆవుది గదా!"

ఆ మాట ఎంత మామూలుగా అందో! వానొస్తుందేమో అన్నట్టు అంది. పేడకు ఏమీ కాదు. ఆవు కడుపులోంచి పడ్డది ఆ వంటింట్లో నాలుగు మూలలకూ పోవచ్చు. దాన్ని పిసికి, ఉండలు లేకుండా కలిపిన చెయ్యి గడప అవతలే ఆగాలి. రత్నమ్మకు అత్త యేసమ్మ గుర్తొచ్చింది. చలికాలం రాత్రుళ్ళు పొయ్యి ముందు కూర్చుని చెప్పేది. బిడ్డ అడ్డం తిరిగితే లోపలికి పిలిచిన్రు, మోచెయ్యి దాకా పెట్టి దొర బిడ్డను గుంజిన, వాడు కెవ్వుమనంగనే నన్ను బయటికి పొమ్మన్నరు, నేను వాకిలి దాటకముందే అర్ర కడుగుడు షురూ అయింది అని. చెబుతూ నవ్వేది ముసలిది. ఆ కథనే ప్రణయ్ గెస్టులకు చెప్పుకుంటున్నాడు. పురుడు పోసిన ముక్క దాకా చెప్పి, కడిగిన ముక్క వదిలేసి చెప్పుకుంటున్నాడు!

మనిషిని ఇంటి మనిషి అనడానికి ఖర్చేముంది? నోరు తెరిస్తే చాలు. గేటు మీద రాసుకోవచ్చు. వీడియోలు తీసి చూపించుకోవచ్చు. ఇంత కాలం ఆ మాటను దాచుకుని, నొప్పి పుట్టినప్పుడల్లా తీసి చూసుకున్నది తను. సిగ్గు పడవలసింది వాళ్ళు. మరి ముఖం కాలుతున్నది తనకెందుకు?

మనోరమమ్మ నల్లా దగ్గరికి పోయింది. తక్కిన గిన్నెలకు దూరంగా, పాలు సీసాలో పోశాక రత్నమ్మే తోమడానికి తెచ్చి పెట్టిన చోట, తడి నేల మీద ఒంటరిగా ఉన్న ఆ చిన్న ఇత్తడి గిన్నె వైపు చూపించింది. చేత్తో ముట్టుకోలేదు.

"ఇది నువ్వు తీస్కపో. మా అత్తమ్మ కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్నది, అసలు ఇత్తడి. నీ మనుమరాలికి పాలు కాగబెట్టు. ఊకె ఇస్తున్న."

"అత్తమ్మ గిన్నె నాకిస్తరా?"

"ఇంకేం చేసుకుంట చెప్పు."

ఎంత ఉదారం! అత్తగారి జ్ఞాపకాన్ని, ఇన్నేండ్లు గోడ మీద మెరిసిన గిన్నెను, ఇట్టే ఇచ్చేస్తోంది. మళ్ళీ పొయ్యి మీద పెట్టడం కంటే అది తేలిక.

"మరి భవాని పని?" అని అడిగింది రత్నమ్మ. అడగకపోతే రేపు వెస్లీ అడుగుతాడు. తన మోకాళ్ళు అడుగుతాయి.

"అదే చెప్దామనుకున్న. లోపలికి చిరాగ్‌పల్లి నుంచి ఒక పిల్లను చూసినం. నీకేం ఫికర్ లేదు. ప్రణయ్ ఒకటి ఆలోచించిండు. గెస్టులకు అలుకుడు నేర్పిస్తే మస్తు ఇష్టపడ్తరట. నీకొక చిన్న పీట చేయిస్త. దాని మీద కూసోని చెప్పు. వాళ్ళే అలుక్కుంటరు. మంచిగుంటది గదా?"

రత్నమ్మ బకెట్ తీసుకుని కొట్టం వైపు నడిచింది. మనోరమమ్మ అది ఒప్పుకోవడమే అనుకుంది కాబోలు, నిశ్చింతగా ముందటి వరండాలోకి పోయింది.

కొట్టంలో ఆవు మెల్లగా నెమరేస్తోంది. రత్నమ్మ పేడ ఎత్తింది. నీళ్ళు పోసి పిసికింది. ఎప్పటిలాగే ఉండలు లేకుండా, పలచనా చిక్కనా కాకుండా కలిపింది. చెయ్యి తన పని తను చేసుకుపోతోంది. ఎందుకు కలుపుతున్నావే అని ఆ చేతిని అడగాలనిపించింది. బకెట్ తెచ్చి గడప ముందు పెట్టింది. సంగమ్మ అందుకుని లోపల మూలలకు చల్లింది, గడప మీద చల్లింది. వంటిల్లు మళ్ళీ మంచిదయింది. సంగమ్మ గిన్నెలు తేవడానికి పెరట్లోకి పోయింది.

రత్నమ్మ నల్లా దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుంది. ముఖం కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. ఆ చిన్న గిన్నె చేతిలోకి తీసుకుని, లోపల ఎండిన పాల తెట్టును వేలితో రుద్ది, శుభ్రంగా తోమింది. నీళ్ళు దులిపింది. గడప మీద పేడనీళ్ళు ఇంకా తడిగా ఉన్నాయి. ఆ తడి మీదనే కాలు పెట్టి లోపలికి పోయి, పసుపు పూసిన పొయ్యి మీద, పొద్దున దించిన చోటనే గిన్నె పెట్టింది. పిడి గోడ వైపు తిరిగి ఉంటే సరిచేసింది. బయటికి వచ్చి చెప్పులు తొడుక్కుంది.

చేతినిండా గిన్నెలతో వచ్చిన సంగమ్మ నోరు తెరిచింది. "అక్కా! గిదేం పనే! నన్ను సంపుతది ఆమె!"

"నిన్నేమంటది? నేనే పెట్టిన అని చెప్పు. పేరు చెప్పి చెప్పు."

"తియ్యవే తల్లీ, నీ కాళ్ళు మొక్కుత!"

"నువ్వు తియ్యి" అంది రత్నమ్మ.

సంగమ్మ ఆ గిన్నెను చూసింది. తన చేతులు చూసుకుంది. కదల్లేదు.

రత్నమ్మ ముందటి వాకిలి మీదుగా, పొద్దున తను తీసిన వంపుల మీదుగా నడిచి పెద్ద గేటుకు వచ్చింది. రేపు రానని ఎవరికీ చెప్పలేదు. రేపెట్ల అన్న దిగులు మాత్రం వెంటే నడిచింది. అల్లం తోటల్లో కూలికి పోదామన్నా కూర్చునే చెయ్యాలి. మోకాలు అడుగడుక్కూ అదే గుర్తు చేస్తోంది. అయినా ఆగలేదు.

గేటు దగ్గర కారు ఎదురొచ్చింది. శ్వేత అద్దం దించింది. ఒళ్ళో పాప మేలుకుని ఉంది, చేతులు చాచింది.

"వెళ్ళిపోతున్నారా? మరి సాయంత్రం పాలు?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. స్టీరింగు ముందు ప్రణయ్ ఉన్నాడు. ఉంటే ఉండనీ. "అమ్మా, పొద్దుగాల నేను పాలు కాగబెట్టిన్నని వంటిల్లంత పసుపునీళ్ళతోని కడిగిన్రు. మేం మాదిగోళ్ళం. మమ్ముల లోపలికి రానియ్యరు. నీకు తెల్వక పంపినవ్. నీ తప్పు లేదు."

శ్వేత ముఖం పాలిపోయింది. ప్రణయ్ వైపు తిరిగింది. ప్రణయ్ ఫోను చూసుకుంటున్నాడు. చంద్రశేఖర్ మెల్లగా, "శ్వేతా, రేపు పొద్దున ఎలాగూ వెళ్ళిపోతున్నాం, ఇప్పుడెందుకు" అన్నాడు.

రత్నమ్మ కిటికీలోంచి చెయ్యి పెట్టి పాప పాదం ఒకసారి నిమిరింది. "పాలు ఎక్కువ కాగబెట్టొద్దమ్మా. బుడగలు రాంగనే దించాలె. గోరువెచ్చగుంటేనే తాగుతది" అని చెప్పి, రోడ్డు వైపు నడిచింది. వెస్లీ ఆటో వచ్చేసరికి పొద్దు చెరుకు తోటల వెనక్కి దిగింది. తల్లి ముఖం చూసి వాడు ఇవాళ ఏ వంకర మాటా అనలేదు. పక్కన కూర్చున్నవాళ్ళను జరగమని, ఆమె కాలు చాపుకోవడానికి జాగ చేశాడు.

చీకటి పడే వేళకు పాప మళ్ళీ ఏడుపు అందుకుంది. శ్వేత ఖాళీ సీసా పట్టుకుని వంటింటి గడప బయట నిలబడింది. లోపలికి రాలేదు. మనోరమమ్మను చూస్తూ నిలబడింది, అంతే. మనోరమమ్మ సంగమ్మ వైపు చూసింది. సంగమ్మ నేల చూపులు చూసింది. పొయ్యి మీదున్నదాన్ని ఎవరు దించాలో, దించిన చెయ్యి తర్వాత ఏమవ్వాలో ఇద్దరికీ తెలియలేదు. పాప ఏడుపు గోడలకు తగిలి తిరిగొస్తోంది. కడిగిన పొయ్యి నడిమధ్య, బల్బు వెలుగులో, బంగారంలా తోమిన చిన్న ఇత్తడి గిన్నె.